నీలం గొడుగు ఆల్బమ్, ఏడో పాట

మా ఇంట్లో ఫ్రిజ్ మోత ఆగిందంటే నేను కూర్చున్నచోట కూర్చోలేను. మోగుతున్నంతసేపూ దాని జోలికి పోను. ఆగితేనే లేస్తాను. వెనక చెయ్యి పెట్టి చూస్తాను, మళ్ళీ మొదలయ్యేదాకా వంటింట్లో అటూ ఇటూ తిరుగుతాను. "అమ్మమ్మా, అది అలాగే ఆగి మొదలవుతుంది లా, కూర్చో" అంటుంది మా మనవరాలు దివ్య, ఈ దీవి దేశంలో అందరిలాగే మాట చివర లా తగిలించి. నాకు తెలుసు. తెలిసినా కూర్చోలేను. ఇది వయసుతో వచ్చిన జబ్బు కాదు, ఉద్యోగంతో వచ్చింది.

దివ్య ఈ మధ్యే సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేరింది. సెంగ్‌కాంగ్‌లో దాంతోపాటు ఫ్లాట్‌లో ఉండే గుంటూరు పిల్లా, వరంగల్ పిల్లా కూడా అదే పని. ఆదివారం బెడోక్‌లో మా ఇంటికి భోజనానికి వస్తారు. మీ పనేంటమ్మా అని అడిగితే, "వేరేవాళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టడం అమ్మమ్మా" అన్నారు. నేనూ అదే చేశానన్నాను. ముగ్గురూ నవ్వారు. మలయా రబ్బరు తోటల్లో పుట్టి, తోట బడిలో మూడో తరగతితో ఆపేసిన ముసలిదానికి టెస్టింగేంటని. సరే, నవ్వండి. పప్పు వడ్డిస్తూ చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

చప్పుడు వినే ఉద్యోగం

జురాంగ్‌లో సీడీలు అచ్చువేసే ఫ్యాక్టరీలో చేశాను. అంతకుముందు అదే చోట క్యాసెట్లు చేసేవాళ్ళు, అక్కడ పెట్టెలు కట్టాను. తర్వాత వినే గదిలో వేశారు. పొద్దున్నే బెడోక్‌లో రైలెక్కి, దీవి ఈ చివరనుంచి ఆ చివరకు జురాంగ్ ఈస్ట్‌దాకా పోయి, అక్కడ కంపెనీ బస్సెక్కాలి.

సీడీని ఒక నికెల్ పలకతో ఒత్తుతారు. ఇడ్లీరేకులాంటిదే అనుకోండి. రేకులో సొట్ట ఉంటే ఇడ్లీలన్నిటికీ సొట్టే. అందుకని కొత్త పలక ఎక్కించినప్పుడల్లా మొదటి డిస్కు తీసుకొచ్చి మాకిచ్చేవాళ్ళు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వినాలి. చిటుకు వినపడితే, గరగర వస్తే, మాట మధ్యలో తెగితే చెప్పాలి. పలక తిరుగుతుండగా మధ్యలో ఇంకో డిస్కు తీసి, దాన్ని వేరే మనిషి వినాలి. అంతే ఉద్యోగం. వినడానికి సుఖంగా ఉంటుంది. వారం చేసి చూడండి, తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ గదిలోకి టిక్‌టిక్‌మనే గడియారం రాకూడదు, గరగరలాడే పాలిస్టర్ బట్ట రాకూడదు, గాజులు రాకూడదు. మొదటిరోజే గాజులు తీసెయ్యమన్నారు. మా ఆయన షిప్‌యార్డులో నిక్షేపంగా పనిచేస్తుంటే నేను బోసి చేతులతో ఎందుకు కూర్చోవాలి? తియ్యనన్నాను. పాత చీర అంచు చింపి పట్టీలు చేసి, గాజుల మీద బిగించి కట్టుకుంటాను, చప్పుడు వస్తే అప్పుడు మాట్లాడండి అన్నాను. రాలేదు. కానీ ఒంటిచేత్తో పట్టీ ముడి వెయ్యడం కుదరదు. రోజూ పొద్దున్న నా రెండు చేతులకీ ముడి వేసింది రొహానా.

రొహానా మలయ్ మనిషి, నాకంటే చిన్నది. నన్ను కక్ అనేది, అంటే అక్కా అని. వాళ్ళాయన కాలు పనిలో నలిగి ఇంట్లో ఉండేవాడు, ఇల్లంతా దీని జీతం మీదే. నేను పదిసార్లు ఆలోచించి ఒక మాట అంటే, అది పది మాటలు అని ఒకసారి కూడా ఆలోచించేది కాదు. "కక్, నువ్వు నవ్వితే కరెంటు బిల్లు వస్తుందా?" అని అడిగేది, ముడి వేస్తూ.

మిస్ చియా

నాకు వినడం నేర్పింది మిస్ చియా. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత చెడని మనిషి. ఒక డిస్కు ఇచ్చి వినమంది. అయ్యాక ఎలా ఉందని అడిగింది.

"బాగుంది మేడమ్."

"తప్పు. మళ్ళీ విను."

మళ్ళీ విన్నాను. "రెండో పాటలో సన్నగా చిటుకుమంది."

"పాట ఎలా ఉంది?"

"ఏమో. చూడలేదు."

"గుడ్" అంది.

ఆవిడ దగ్గర ఒకే ఒక్క రూలు ఉండేది. వింటుండగా డిస్కు కంటే ముందు నీ నోరు కదిలిందా, హెడ్‌ఫోన్లు తీసి పక్కమనిషికి ఇచ్చెయ్. ఎందుకంటే పాట వచ్చేశాక చెవి డిస్కుని వినదు, తల్లోని పాటని వింటుంది. డిస్కులో చిల్లు ఉన్నా తల్లోనుంచి తెచ్చి పూడ్చేస్తుంది. అందుకే ఆవిడ ఒక ఆల్బమ్‌ని ఒక మనిషిచేత కొన్నిసార్లే వినిపించేది. బాగా విన్నామని మేం అన్నా లాక్కునేది. నేను చూసిన అధికార్లలో, తన కింద మనుషుల చెవులు అలిసిపోతాయని తెలిసింది ఆవిడ ఒక్కత్తికే.

దివ్య మొన్న గొప్పగా చెప్పింది, "మా యాప్‌ని నేను కళ్ళు మూసుకుని నడిపించగలను" అని. అయితే అది పక్కవాళ్ళకిచ్చి నువ్వు ఇంకోటి తీసుకో అన్నాను. మొహం మాడ్చుకుంది. మాడ్చుకోనీ.

ముగ్గురం ఇద్దరమయ్యాం

అప్పుడే కంప్యూటర్ల గాలి మొదలైంది. రెండువేల సంవత్సరం వస్తే లోకంలో కంప్యూటర్లన్నీ తప్పు తారీఖు చూపిస్తాయని అందరికీ భయం. జురాంగ్ ఈస్ట్ ప్లాట్‌ఫామ్ మీద ఏళ్ళ తరబడి నాకు తెలుగు వినపడింది లేదు. ఒక్కసారిగా టైలు కట్టుకుని, నల్ల సంచులు భుజాన వేసుకుని, "ఒరేయ్, క్లయింట్ చంపేస్తున్నాడ్రా" అంటూ పిల్లలు దిగారు. నా బొట్టు చూసి "ఆంటీ, మీరు తెలుగా?" అనేవాళ్ళు. మీరేం చేస్తారాంటీ అంటే, పాటలు వింటానని చెప్పేదాన్ని. పాపం, పిచ్చిదనుకుని సీటు ఇచ్చేవాళ్ళు.

మిస్ చియా రిటైరై వెళ్ళిపోయింది. ఆ చోటికి టాన్ వచ్చాడు. మా గదిలో మూడో మనిషి లీ హువా కంప్యూటర్ క్లాసులో చేరి పని మానేసింది. ఇంకో మనిషిని తెమ్మని టాన్‌ని అడిగాం. "ఎవరొస్తారు ఆంటీ? అందరికీ కంప్యూటర్ ఉద్యోగమే కావాలి. మీ ఇద్దరూ కొంచెం ఓర్చుకోండి. కుదురుతుంది, క్యాన్, క్యాన్."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. అసలు డిస్కునీ అచ్చయిన డిస్కునీ తనే పోల్చి చూసుకునే కంప్యూటర్ ఒకటి వచ్చిందట, పైవాళ్ళు కొందామంటున్నారట. "మీ గది నేను నిలబెడుతున్నాను. ఒక్క చెడ్డ డిస్కు ఈ గది దాటిందా, ఇక నా చేతుల్లో ఉండదు."

ఆ మాట విన్నప్పటినుంచి నాకు కుదురు లేదు. రైల్లో సీటు దొరికినా నిలబడే పోయేదాన్ని. టాన్ చెడ్డవాడు కాదు. భయస్థుడు. భయస్థుడి కింద పని చెయ్యడం చెడ్డవాడి కింద పని చెయ్యడంకన్నా కష్టం. చెడ్డవాడు ఏం చేస్తాడో ముందే తెలుస్తుంది.

నీలం గొడుగు

అటువంటప్పుడు వచ్చింది ఆ ఆల్బమ్. జపాన్ పిల్లల బ్యాండు. ఒక అమ్మాయి పాడుతుంది, ముగ్గురు మగపిల్లలు గిటార్లూ డ్రమ్ములూ వాయిస్తారు. పేరు జపాన్ అక్షరాల్లో ఉండేది, మాకు రాదు. అట్టమీద వానలో నీలం గొడుగు ఉండేది కాబట్టి ఫ్యాక్టరీ అంతా నీలం గొడుగు అనే పిలిచాం.

జపాన్ ఆర్డరంటే అందరికీ హడలే. వాళ్ళ సీడీ పెట్టెకి వెన్నుపక్కన ఒక కాగితం పట్టీ చుట్టాలి, మేం బెల్టు అనేవాళ్ళం. తీసి పారేసే కాగితమే కదా అనుకుంటాం. దానిమీద గోటి గీత ఉన్నా పెట్టె వెనక్కొచ్చేది. ఆ అమ్మాయి పాటలు అక్కడ ఊరంతా పాడుతున్నారట. మొదట అనుకున్న ఆర్డరు మీద ఇంకో ఆర్డరు, దానిమీద ఇంకోటి. పలక మీద పలక. ప్రతి పలకకీ మేం ఇద్దరమే. మిస్ చియా ఉంటే నాలుగోసారికే లాక్కునేది. టాన్ మాత్రం ఇంకోటి తెచ్చి బల్లమీద పెట్టి, "లాస్ట్ వన్ లా" అనేవాడు. ఎన్ని లాస్టులో నేను లెక్కపెట్టలేదు.

పాటలన్నీ గోలే. నాకు గోల గిట్టదు. ఏడో పాట కూడా గోలగానే మొదలవుతుంది. నడిమధ్యలో ఉన్నట్టుండి వాద్యాలన్నీ టక్కున ఆగిపోతాయి. ఏమీ ఉండదు. అప్పుడు ఆ అమ్మాయి ఊపిరి తీస్తుంది. నీళ్ళలో మునిగి పైకి లేచినదానిలా. తీసి, ఒంటరిగా పాడడం మొదలుపెడుతుంది. ఏమంటుందో నాకు తెలీదు. చిన్నప్పుడు తోటలో మా అమ్మ రబ్బరుపాల బిందెలు దించి, నడుం నిలబెట్టి, అలాగే ఊపిరి తీసేది.

రొహానా క్యాంటీన్‌లో, బస్సులో, చేతులు కడుక్కుంటూ ఆ పాట కూనిరాగం తీసేది. టాన్ చూసి, "పనిలో పాటలా?" అని ఒకసారి కసిరాడు కూడా. ముడి వేసేటప్పుడు దాని రాగం తగలకుండా నేను మొహం పక్కకి తిప్పుకునేదాన్ని.

ఊపిరి లేని డిస్కు

ఒక పొద్దున్న, ముందురోజు ఎక్కించిన పలకనుంచి మధ్యలో తీసిన డిస్కు నా బల్లమీద ఉంది. దాని మొదటి డిస్కు రొహానా విని సరేనంది. పలక రోజంతా తిరిగింది. పెట్టెలు కట్టారు, బెల్టులు చుట్టారు. లారీ సాయంత్రం.

ఏడో పాట వచ్చింది. వాద్యాలు ఆగాయి. ఏమీ లేదు. తర్వాత పాట మొదలైంది.

చిటుకు లేదు, గరగర లేదు. శుభ్రంగా ఉంది. నా ఛాతీ మాత్రం ఊపిరి తీసి, ఎదుట మనిషి కోసం చూసి, ఒంటరిగా నిలబడిపోయింది. వెనక్కి తిప్పి విన్నాను. హెడ్‌ఫోన్లు మార్చి విన్నాను. జపాన్‌నుంచి వచ్చిన అసలు డిస్కు పెట్టి విన్నాను. అందులో ఊపిరి ఉంది. ఇందులో లేదు. నిశ్శబ్దంలో నిశ్శబ్దంగా ఒక చిల్లు.

లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఎవరికి తెలుస్తుంది? వాద్యాలు ఆగినచోట ఏమీ లేకపోతే అది పాటే అనుకుంటారు. చెప్తే రొహానా పని పోతుంది. గది పోతుంది, నాదీ పోతుంది. చెప్పకపోతే లారీ పోతుంది. చెప్తే అచ్చేసిన డిస్కులన్నీ పిండి చేస్తారు. అన్నం మెతుకు పారెయ్యని మనిషిని నేను.

రొహానా క్యాంటీన్‌లో తింటోంది. ఎదురుగా కూర్చున్నాను.

"నిన్నటి పలక ఏడో పాట విన్నావా?"

"విన్నాను కక్."

"మధ్యలో ఆ పిల్ల ఊపిరి తీస్తుంది. ఉందా?"

అది చెంచా కింద పెట్టి, కళ్ళు మూసుకుని, తల ఊపుతూ లోపల పాడుకుంది. ఆగింది. ఊపిరి తీసింది, అచ్చం ఆ పిల్లలాగే. కళ్ళు తెరిచి, "ఉంది" అంది.

"నీ నోట్లో ఉంది. డిస్కులో లేదు."

అది చెంచా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత, "చెప్తావా?" అని అడిగింది.

"చెప్తాను."

వద్దనలేదు, ఏడవలేదు. "నన్ను తినడం ముగించనీ కక్. కడుపునిండా ఉంటే తిట్లు బాగా దిగుతాయి" అంది. నేను అక్కడే కూర్చున్నాను. అది ఆఖరి మెతుకు తిన్నాక ఇద్దరం కలిసి టాన్ దగ్గరికి వెళ్ళాం. లారీ ఆపించాను.

ఎవరు, ఎందుకు

మర్నాడు జపాన్ కంపెనీ తరఫు మనిషి హయాషి వచ్చాడు. ఆ పొద్దున్న రొహానాని వేరేచోట కూర్చోబెట్టారు. నా గాజులకి ముడి వేసే మనిషి లేదు. నేను మీటింగ్‌కి గలగలమంటూనే వెళ్ళాను.

హయాషి ఆ డిస్కు విన్నాడు. తర్వాత ఒకటే ప్రశ్న అడిగాడు, "ఎందుకు జరిగింది?"

టాన్ "ఎవరు" అన్నదానికి జవాబు చెప్పాడు. "రొహానా. పనిలో పాటలు పాడుకుంటుంది, నేను కళ్ళారా చూశాను. పాట వచ్చినవాళ్ళకి తప్పు వినపడదు సార్. నరసమ్మ ఆంటీని చూడండి, పాటల జోలికి పోదు, అందుకే పట్టింది. ఇకమీద ఆంటీ ఒక్కతే గదిలో ఉంటుంది. రొహానాని పంపించేస్తున్నాం."

గది నిలబడింది. నా కుర్చీ నిలబడింది. నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడం, ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరు. మీటింగ్‌కి పిలిపించిన రొహానా ఓ మూల తల వంచుకుని ఉంది.

"నాకూ వచ్చు ఆ పాట" అన్నాను.

"ఏంటి ఆంటీ?"

చెప్తే నమ్మడని పాడాను. నా గొంతు గురించి ఎక్కువ చెప్పను. ఆ జపాన్ మాటల్ని నేనేం చేశానో ఆ భగవంతుడికే తెలియాలి. వాద్యాలు ఆగేచోట ఆగి, ఊపిరి తీసి, రెండు చరణాలు పాడాను. టాన్ నోరు తెరిచి చూశాడు. హయాషి కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. రొహానా తల ఎత్తింది.

"నాకు పాట రాకపోబట్టి దొరకలేదు. వచ్చు కాబట్టి, ఆ ఊపిరి కోసం కాచుకుని కూర్చుంటాను కాబట్టి దొరికింది. ఇదీ విన్నది, నేనూ విన్నాను. దానికి చెవి పూడ్చింది, నాకు పూడ్చలేదు. రేపు నాకూ పూడ్చొచ్చు. ముగ్గురు వినాల్సింది ఇద్దరిచేత వినిపించారు. మూడో మనిషిని అడిగితే లాస్ట్ వన్ అన్నారు. ఎందుకు అని సార్ అడిగారు. ఇదీ ఎందుకు."

హయాషి నాకు తల వంచి దణ్ణం పెట్టాడు. తర్వాత టాన్ వైపు తిరిగి నెమ్మదిగా, మర్యాదగా అన్నాడు, "ఒకే పాట తెలిసిన ఇద్దరిలో ఒకరికి వినపడి, ఒకరికి వినపడకపోతే, మేం చెవిమీద ఆధారపడలేం. దయచేసి ఆ యంత్రం పెట్టండి."

ఆయన అన్నది తప్పన్లేదు నేను. ఇవాళ్టికీ తప్పనను. రొహానాని పంపించలేదు. మా ఇద్దరినీ బెల్టులు చుట్టే లైన్లోకి వేశారు. గదికి తాళం వేశారు, తర్వాత కంప్యూటర్ పెట్టారు. అది ముందే ఉంటే ఆ పలక మొదటి డిస్కుకే దొరికిపోయేది, అబద్ధమాడను. యంత్రానికి పాట రాదు, అలసట రాదు. మంచిది. కానీ అక్కడ ఊపిరి లేకపోతే పాటకి ఏమవుతుందో దాన్ని అడగకండి. మీ చేతికి యంత్రాలు చాలా ఇచ్చారు, వాడండి. ఏది పోతే మీకు ఊపిరాడదో అది మాత్రం మీరే కనిపెట్టుకుని ఉండాలి. తప్పు చేసినవాళ్ళని మీటింగ్‌లో ఎవరైనా చూపిస్తే, ముందు వాళ్ళ బల్లమీద ఎంత పని పడేశారో అడగండి. అడిగితే మీకు నష్టం రావచ్చు. నాకొచ్చింది.

కొన్నేళ్ళకి జనం సీడీలు కొనడం మానేశారు. ఆ కంప్యూటర్‌నీ అమ్మేశారు, టాన్‌నీ ఇంటికి పంపారు. రొహానా ఇప్పటికీ బెడోక్ మార్కెట్‌లో కనిపిస్తుంది, కనిపిస్తే చేపలవాడు కొట్టు కట్టేదాకా మాట్లాడుతుంది.

గ్రైండర్ దగ్గర

మీటింగ్ అయిన మర్నాడు మొదటిపని, ఆ చెడ్డ డిస్కుల్ని పిండి చెయ్యడం. మా ఇద్దరికే అప్పజెప్పారు. బెల్టులు చింపి, పెట్టెలు విప్పి, డిస్కుల్ని గుప్పెడు గుప్పెడుగా గ్రైండర్లో వెయ్యాలి. ఆ మోతకి పక్కమనిషి అరిచినా వినపడదు. చెవుల్లో దూది పెట్టుకున్నాం. ఇన్నేళ్ళూ చీమ నడిస్తే విన్న చెవులు. నీలం గొడుగులు కుప్ప పడుతుంటే నా ప్రాణం విలవిల్లాడింది, అంత మంచి సరుకు. గాజులు గలగలమన్నాయేమో, తెలీదు.

రొహానా పొద్దుటినుంచి నాతో మాట్లాడలేదు. గది పోయిందని కోపమో, ఉద్యోగం మిగిలిందని సిగ్గో నాకు అంతుపట్టలేదు. నిలబడలేక అటు తిరిగి, ఇటు తిరిగి, ఒకసారి దాని మొహం చూశాను. పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. కానీ పెదాలు చూస్తే నాకు తెలిసిపోయింది, ఏడో పాట, గిటార్లు ఇంకా మోగుతున్నాయి. డిస్కులు వేస్తూనే చూస్తున్నాను. వాద్యాలు ఆగేచోట దాని చేతులు ఆగాయి. నావైపు తిరిగింది. భుజాలు లేపి, ఛాతీ నిండా ఊపిరి తీసింది.

నేనూ తీశాను.